మా పాత లారీని మా డ్రైవర్ బాబాయికే వాయిదాల మీద అమ్మాను: నా అనుభవం

మాది తాడేపల్లిగూడెం. 2012లో నాన్న కొన్న పది టైర్ల లారీని షోరూమ్ నుంచి ఇంటికి తోలుకొచ్చింది మా డ్రైవర్ బాబాయే. ఆ తర్వాత పదేళ్లు ఆ స్టీరింగ్ ఆయన చేతుల్లోనే ఉంది. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచి బాబాయ్ అనడం అలవాటంతే.

నాన్న పోయాక ఎరువుల షాపు, లారీ రెండూ చూసుకోవడం నావల్ల కాలేదు. 2022లో అమ్మకానికి పెడితే విజయవాడ ఆటోనగర్ బ్రోకర్ ఒకాయన వచ్చి చూసి, 6 లక్షల 80 వేలు ఒకేసారి ఇస్తానన్నాడు. ఆ సాయంత్రం బాబాయ్ ఇంటికొచ్చి, "బాబూ, బండి ఎవరికిస్తున్నావో ముందు చెప్పు. వాళ్ల దగ్గరే డ్రైవర్‌గా చేరతాను" అన్నారు. నాకు నోట మాట రాలేదు. "నువ్వే కొనుక్కోవచ్చు కదా బాబాయ్" అన్నాను. ఆయన అప్పటికే రెండు చోట్ల అడిగి వచ్చారట. పదేళ్ల బండికి, పేరు మీద సెంటు భూమి లేని మనిషికి అప్పు పుట్టలేదు. అప్పు నేనే ఇద్దామనుకున్నాను.

ధర 7 లక్షల 50 వేలు. లక్షన్నర అడ్వాన్సు, మిగతా 6 లక్షలకు నెలకు నూటికి అర్ధ రూపాయి వడ్డీ. నేను 24 నెలలు అన్నాను, అలాగైతే నెలకు 28 వేలు పడుతుంది. అప్పుడు ఇద్దరం ట్రిప్పుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. డీజిల్, టోల్, బత్తా, క్లీనర్ జీతం, టైర్లు పోను మంచి నెలలో 45 వేలు మిగిలింది. వానల్లో 20 వేలు కూడా మిగలని నెలలున్నాయి. ఇవి పోగా ఏడాదికోసారి 40 వేలు దాటే ఇన్సూరెన్సు, మూడు నెలలకోసారి ట్యాక్సు, ఫిట్‌నెస్. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ప్రతి ఏడాదీ చేయించాలి. 28 వేలంటే ఆయన్ని నేనే ముంచినట్టు. 30 నెలలు, నెలకు 23 వేలు అనుకున్నాం.

నేను మొదట అనుకున్న పద్ధతి వేరు. లీజు కాగితం ఒకటి రాసుకుని, డబ్బంతా తీరేదాకా ఆర్‌సీ నా పేరు మీదే ఉంచుకోవాలనుకున్నాను. మా వైపు చాలామంది చేసేది అదే. లేదంటే ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బండి ఇచ్చేస్తారు. తెలిసిన లాయర్‌ని అడిగితే వద్దన్నారు. ఏదైనా యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్ మొదట చూసేది రిజిస్టరైన పేరునే. బండి అమ్మేశానని చెప్పినా, ఆర్‌సీలో పేరు మారకపోతే నష్టపరిహారం బాధ్యత పాత ఓనర్‌దేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పే ఉందని చెప్పారు. బాబాయ్ మీద నాకు అనుమానం లేదు. కానీ రాత్రి రెండింటికి హైవే మీద ఎదురుగా వచ్చేవాడిని నేను నమ్మలేను కదా.

లాయర్ చెప్పిన దారి ఇది. ఆర్‌సీ బాబాయ్ పేరుకు మార్చి, దాని మీద ఫైనాన్షియర్‌గా నా పేరు ఎక్కించుకోవడం. అప్పుడు బండి ఆయనది, అప్పు తీరేదాకా దాని మీద హక్కు నాది. అమ్మకానికి ఫారం 29, 30, నా పేరు ఎక్కించడానికి ఫారం 34. అమ్మినవాడు 14 రోజుల్లోగా ఆర్‌టీఓకు తెలియజేయాలి. ఇన్సూరెన్సు పేరు మార్పుకు కొన్నవాడు దరఖాస్తు పెట్టుకోవడానికీ 14 రోజులే. పర్మిట్ కూడా విడిగా మార్పించాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

మేం ఆగిపోయింది ఇంకో చోట. నాన్న తీసుకున్న లోను ఎప్పుడో తీరిపోయింది, కానీ ఆర్‌సీ మీద ఆ ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. అప్పు తీరింది, అభ్యంతరం లేదని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ కాగితం కోసం నెలన్నర తిరిగాను. పాత బండి అమ్మాలనుకునేవాళ్లు బేరం పెట్టకముందే ఆర్‌సీ తీసి ఈ ఒక్కటీ చూసుకోండి.

ఫారాల కోసం చాసిస్ నంబర్ అచ్చు తీసిన రోజు బాగా గుర్తు. పదేళ్ల గ్రీజు, దుమ్ము పట్టి అంకెలే కనిపించలేదు. బాబాయ్ కిరోసిన్ గుడ్డతో తుడిచి తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో నెమ్మదిగా రుద్దారు. ఒక్కో అంకె తెల్లగా తేలుతుంటే చిన్నపిల్లాడిలా పైకి చదివారు.

అగ్రిమెంటు రాసే రోజు పిన్నిని కూడా రమ్మన్నాను. అంతా విని ఆవిడ ఒకే ఒక్క మాట అడిగింది. "మధ్యలో ఈయనకేమన్నా అయితే, కట్టిందంతా పోయినట్టేనా బాబూ?" నాకూ లాయర్‌కూ తట్టని ప్రశ్న అది. అప్పటికప్పుడు రాయించాం. అలా జరిగితే ఇంట్లోవాళ్లు వాయిదాలు కట్టుకుంటూ బండి ఉంచుకోవచ్చు, లేదా అమ్మి నా బాకీ పోను మిగిలింది వాళ్లే తీసుకోవాలి. దాంతోపాటు ప్రోనోటు కూడా రాసుకున్నాం. దానికి మూడేళ్లకు కాలదోషం పడుతుంది కాబట్టి, కట్టినప్పుడల్లా నోటు వెనక బాబాయ్ చేతే చెల్లు రాయించి సంతకం పెట్టించేవాణ్ణి.

నేను చేసిన పొరపాటు ఫాస్టాగ్. పాతది నా పేరు మీదే వదిలేశాను, టోల్ డబ్బులు ఆయన నాకు పంపేవారు. గూడెం నుంచి చెన్నైకి బియ్యం లోడు వెళ్తే రాత్రంతా నా ఫోన్‌కి టోల్‌గేట్ల మెసేజ్‌లు. ఉంగుటూరు, కలపర్రు, పొట్టిపాడు, కాజ, బొల్లపల్లి, టంగుటూరు, ముసునూరు. ఎనిమిదో నెలలో ఒక రాత్రి ముసునూరు తర్వాత రావాల్సిన వెంకటాచలం మెసేజ్ రాలేదు. తెల్లారినా రాలేదు, ఫోన్ స్విచాఫ్. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. మధ్యాహ్నం ఎవరి ఫోన్ నుంచో చేశారు. నెల్లూరు ముందు గేర్‌బాక్స్ పోయింది, మనిషి క్షేమం. రిపేరుకు 60 వేలు దాటింది. రెండు వాయిదాలు ఆగాయి. "నీకు ముఖమెలా చూపించను" అని వారం రోజులు ఇంటికి రాలేదు.

నేనే వెళ్లాను. ఆ రెండు నెలలు చివర్లో కలుపుకుని, 30 నెలలను 32 చేశాం, దానికి అదనపు వడ్డీ లేదు. అది కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. నిజానికి పాత బండి అన్నాక పెద్ద రిపేరు వస్తుందని ముందే అనుకుని అగ్రిమెంటులోనే రాసుకోవాల్సింది. అది ఉంటే ఆయన ఆ వారం నన్ను తప్పించుకు తిరిగేవారు కాదు. ఫాస్టాగ్ కూడా ఆ వారమే క్లోజ్ చేసి ఆయన పేరు మీద కొత్తది తీయించాను.

ఆ తర్వాత ఒక్క వాయిదా తప్పలేదు. 2025 ఏప్రిల్‌లో ఆఖరి 23 వేలు వచ్చాయి. ఆర్‌సీ మీద నుంచి నా పేరు తీసేయడానికి ఫారం 35 రెండు కాపీల మీద సంతకం పెట్టాను, నోటు వెనక చివరి చెల్లు రాసి కాగితం ఆయన చేతిలో పెట్టాను. నా పేరు పోయిన ఆర్‌సీ చేతికొచ్చిన రోజు బాబాయ్ షాపుకొచ్చి చూపించారు. అటూ ఇటూ తిప్పి చూసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. టీ తాగమంటే కూర్చోలేదు. రాత్రికి చెన్నై లోడు ఉందట, టార్పాలిన్ పట్టా కట్టించాలని వెళ్లిపోయారు.