ఆ నలుగురూ మళ్లీ కలుస్తారా?

నిన్న రాత్రి వైజాగ్ నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. పిల్లల కబుర్లు అయ్యాక ఎప్పటిలాగే అడిగాడు: "ఏరా, ఆర్.ఇ.ఎం. వాళ్లు మళ్లీ మొదలుపెడతారా? అక్కడేమైనా అనుకుంటున్నారా?" ఆర్.ఇ.ఎం. అంటే నలుగురు కలిసి మొదలుపెట్టిన అమెరికన్ రాక్ బ్యాండు. నేను ఉండేది అట్లాంటాలో. వాళ్ల ఊరు ఏథెన్స్ ఇక్కణ్ణుంచి కారులో గంటన్నర. అందుకని నాకు ముందే తెలిసిపోతుందని అన్నయ్య నమ్మకం.

ఆ పిచ్చి అంటించింది కూడా అన్నయ్యే. వాళ్ల పాట 'లూజింగ్ మై రెలిజియన్' వచ్చింది 1991లో. హాస్టల్లో ఎవరి దగ్గరో కాపీ చేయించిన క్యాసెట్ పట్టుకొచ్చి, భోజనాల వేళ పెట్టాడు. అమ్మ పప్పు గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. "మాండొలిన్ కదూ? మన పాలకొల్లు శ్రీనివాస్‌ది కాదు గానీ, బాగుందిరా" అంది. వాయించింది బ్యాండు గిటారిస్టు పీటర్ బక్ అని మాకు తర్వాతెప్పుడో తెలిసింది.

కలవరనే నేను అనుకుంటున్నాను. కొట్టుకుని విడిపోయిన వాళ్లైతే ఏదో ఒక రోజు రాజీ పడి టూరు పెట్టుకుంటారు. వీళ్ల మధ్య తేల్చుకోవాల్సిన గొడవే లేదు. పాట ఎవరిదైనా నలుగురి పేర్లూ వేసుకున్నారు. 1995లో స్విట్జర్లాండ్‌లో స్టేజీ మీదే డ్రమ్మర్ బిల్ బెరీకి మెదడులో రక్తనాళం దెబ్బతింది. కోలుకుని మళ్లీ వాయించాడు. కానీ 1997లో, ఇక నావల్ల కాదు, నేను మానేస్తే బ్యాండు ఆగిపోయేటట్టయితే మాత్రం ఉంటాను అన్నాడు. మిగతా ముగ్గురూ అతన్ని వెళ్లనిచ్చారు, 2011 దాకా నడిపి, చాలనుకుని ఆపేశారు. అలాంటి వాళ్లను డబ్బు చూపించి ఎవరు లాగగలరు?

2024 జూన్‌లో న్యూయార్క్‌లో పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్ సభలో నలుగురూ కలిసి ఆ మాండొలిన్ పాటే వినిపించారు. మళ్లీ కలవాలంటే ఏం జరగాలని టీవీలో అడిగితే, తోకచుక్క రావాలన్నాడు బేస్ గిటార్ వాయించే మైక్ మిల్స్. అయినా 2025 ఫిబ్రవరిలో, ఏథెన్స్‌లోని ఫార్టీ వాట్ క్లబ్‌లో, వాళ్ల పాటలతో వేరేవాళ్లు కచేరీ చేస్తుంటే, నలుగురూ స్టేజీ ఎక్కి ఒక పాటలో కలిశారు. నాకు తెల్లారి ఆఫీసులో ఫోన్ తెరిస్తే తెలిసింది. గంటన్నర దూరంలో ఉండి కూడా చూడలేకపోయాను. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

నాకు కావాల్సింది కూడా అలాంటిదే. స్టేడియాలూ వద్దు, కొత్త ఆల్బమూ వద్దు. వాళ్లకు బుద్ధి పుట్టిన రోజు, వాళ్ల ఊళ్లో, ఒక్క పాట.

డిసెంబరులో అన్నయ్య వస్తున్నాడు. వాళ్లు మొదటిసారి వాయించింది 1980 ఏప్రిల్ 5న, ఏథెన్స్‌లో ఒక పాత చర్చిలో, స్నేహితురాలి పుట్టినరోజుకి. ఆ చర్చిని 1990లో కూల్చేశారు. ఇటుకల గోపురం ఒక్కటే మిగిలింది. అన్నయ్యను ముందు అక్కడికే తీసుకెళ్తాను. క్యాసెట్ తెమ్మని చెప్పాను. అమ్మ బీరువాలో ఇంకా ఉందట.