హీత్రూ దారుల్లో ‘కార్స్’

లండన్‌లోని హీత్రూ విమానాశ్రయం చుట్టుపక్కల పార్శిళ్లు చేరవేసే వ్యాను నడుపుతాను. ఫెల్తమ్, హౌన్‌స్లో, స్టాన్‌వెల్, ఆష్‌ఫర్డ్. తెల్లవారకముందే డిపోలో సరుకు ఎక్కించుకుని బయల్దేరితే ఇక రోజంతా రేడియోనే తోడు. బ్రిటిష్ గాయకుడు గ్యారీ న్యూమన్ పాడిన ‘కార్స్’ అనే పాట నాకు పరిచయమైంది అందులోనే.

1979 ఆగస్టులో సింగిల్‌గా, అంటే విడి పాటగా వచ్చింది అది. బ్రిటన్ పాటల చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది, మరుసటి ఏడాది అమెరికాలో 9వ స్థానం దాకా వెళ్లింది. మినీమూగ్ సింథసైజర్ గరుకు స్వరం, దాని మీద పొగమంచులా పరుచుకునే మరో సింథసైజర్ పాలీమూగ్ నాదం. అడుగున డ్రమ్స్ మాత్రం సెడ్రిక్ షార్ప్లీ చేతులతో వాయించినవే. యంత్రాల పాటకు మనసుండదనే మాట నేను ససేమిరా ఒప్పుకోను.

న్యూమన్ ఈ ప్రాంతం వాడే. తండ్రి హీత్రూలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బస్సు డ్రైవరు. చిన్నప్పటి బడి స్టాన్‌వెల్‌లో. ఆ సంగతి తెలిసిన రోజున, నేను పొట్టకూటికి తిరిగే ఈ వీధులు నాకు కాస్త దగ్గరయ్యాయి.

పాట పుట్టుక గురించి ఆయనే చెప్పారు. లండన్ ట్రాఫిక్‌లో ముందు వాహనంలోని వాళ్లు దిగివచ్చి ఆయనను కారులోంచి బయటకు లాగబోయారట. తలుపులు లాక్ చేసుకుని, ఫుట్‌పాత్ మీదుగా కారు పోనిచ్చి బయటపడ్డారు.

పోయిన చలికాలంలో నాకూ అలాంటిదే ఎదురైంది. రెండు వైపులా కార్లు నిలిపి ఉన్న ఇరుకు వీధి. ఎదురుగా వచ్చినతను దిగి, నా కిటికీ మీద పిడికిలితో గుద్దాడు. మీ దేశానికి పో అని అరుస్తున్నాడు. అద్దానికి అవతల అతని ఊపిరి ఆవిరై తెల్లగా అంటుకుంటోంది. నా వేలు లాక్ బటన్ మీదే ఉంది; అప్పటికే నొక్కేశాను, అయినా తీయలేదు. కాసేపటికి తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఇలాంటివి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎవరం చెబుతాం?

కారులోనే అన్నిటికంటే క్షేమం అంటూ మొదలయ్యే ఆ పాట అక్కడితో ఆగితే నాకు ఇంత ప్రాణం అయ్యేది కాదు. తర్వాత అతనే, తలుపు తీస్తే నన్ను చూడటానికి వస్తారా అని అడుగుతాడు. భయపడి గడియ పెట్టుకున్నవాడే మనిషి కోసం ఎదురుచూస్తాడు! పరాయి దేశంలో పని చేసేవాడికి ఈ రెండూ ఒకే పూట కలుగుతాయి. సగం పాటకే మాటలు అయిపోతాయి. మిగతాదంతా వాద్యాలే, ఆగకుండా సాగిపోయే దారిలా. ఆ అడిగినదానికి జవాబు రాదు.

ఈమధ్య మా డిపోలో ఖమ్మం కుర్రాడు ఒకడు చేరాడు. "అన్నా, రోడ్డు మీద ఎవరైనా గొడవకు వస్తే ఏం చేయాలి?" అని అడిగాడు. "ముందు తలుపులు లాక్ చేసుకో, దిగకు, వెంటనే నాకు ఫోన్ చెయ్యి" అన్నాను. ఆదివారం మా గదికి భోజనానికి రమ్మని చిరునామా పంపాను.