టెలిస్కోప్ ముందు వరుసలో: పర్లాకిమిడిలో ఒక ఫాల్గుణ రాత్రి

మా పర్లాకిమిడిలో ఒక కాలేజీ వాళ్ళు అప్పుడప్పుడు ఊరందరికీ ఆకాశం చూపించే రాత్రి పెడుతుంటారు. అబ్జర్వేటరీ అనగానే గుండ్రటి గోపురం ఊహించుకోకండి. మేడ మీద ఒక రేకుల గది, పట్టాల మీద పక్కకు జరిగే కప్పు, లోపల ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోప్. అంతే. డబ్బు కట్టక్కర్లేదు గానీ ముందుగా పేరు రాయించుకోవాలి. ఫారం ఒడియాలో ఉంటుంది, వరుసలో వినిపించేది మాత్రం చాలావరకు తెలుగే. సరిహద్దు అవతలున్న పాతపట్నం నుంచి కూడా వస్తారు. మా మామయ్యగారు అలా వచ్చినవారే.

ఈసారి శుద్ధ సప్తమి నాడు పెట్టారు. పౌర్ణమికి పెట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. పున్నమి చంద్రుడి మీద ఎండ సూటిగా పడుతుంది, నీడలుండవు, తెల్లగా చదునుగా కనిపిస్తాడు. సగం చంద్రుడైతే వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల అంచులు పొడుగ్గా నీడలు పరుస్తాయి. చూడాల్సింది ఆ గీత వెంటే.

శనిని చూద్దామని వచ్చినవాళ్ళకి నిరాశే. మేం మేడెక్కేసరికి శని పడమట కొబ్బరిచెట్ల వెనక్కి దిగిపోయాడు. మేషరాశి వాళ్ళకి ఏలినాటి శని నడుస్తోంది కాబట్టి మా అత్తగారు అసలు ఇంటి నుంచే కదల్లేదు. కనబడకపోవడమే మంచిదయిందని తర్వాత ఫోన్లో అన్నారు.

వరుసలో నిలబడేవాళ్ళకి నాలుగు మాటలు. టెలిస్కోప్‌ని పట్టుకోవద్దు, చెయ్యి తగిలితే చాలు, చంద్రుడు ఎగిరిపోతాడు. దూరపు చూపుకో దగ్గర చూపుకో కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు తీసేసి చూడొచ్చు, ఫోకస్ తిప్పి సరిచేసుకుంటే చాలు. కంటిని అద్దానికి అతికించకుండా కొంచెం ఎడంగా ఉంచాలి. ఇక అందరూ విసుక్కునేది, 'తొందరగా, తొందరగా' అన్న తరిమింపు. దానికి కారణం ఉంది. 120 రెట్లు పెద్దది చేసి చూపిస్తున్నప్పుడు భూమి తిరగడం కూడా అంతే పెద్దదవుతుంది. గురుడు రెండు నిమిషాల్లోపే ఆ కొస నుంచి ఈ కొసకి జారి మాయమైపోతాడు. ఆ కుర్రాళ్ళు గొట్టాన్ని మాటిమాటికీ నెట్టుతూ ఉండాలి.

గురుడి వంతు వచ్చినప్పుడు మా పాప ఎక్కడానికి స్టూలు వేశారు. మధ్యలో రెండు పట్టీలున్న చిన్న బిళ్ళ, పక్కన ఒకే వరుసలో ఉపగ్రహాలు. 1610లో గెలీలియో చూసింది వీటినే. పాప చూసినంతసేపూ మాట్లాడలేదు, దిగాక మళ్ళీ వరుస చివరికి పరిగెత్తింది.

గొల్లకావడి అనే మూడు చుక్కల కింద ఉండే నెబ్యులా (ఆకాశంలో వాయువులు, ధూళి కలిసిన మబ్బు) దగ్గర గొడవయింది. మా వెనకున్న పెద్దమ్మ, "ఏటిది, ఇంతేనా? బూడిద చల్లినట్టుంది" అనేసింది. ఫొటోల్లో ఎర్రగా, ఊదాగా చూసి వచ్చినవాళ్ళకి ఇది చప్పగానే ఉంటుంది. అంత తక్కువ వెలుగులో మన కన్ను రంగులు పట్టలేదు. కెమెరా నిమిషాల తరబడి వెలుగు పోగేసుకుంటుంది. నాకైతే ఆ బూడిదే నచ్చింది. 1,300 కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చి నేరుగా నా కంట్లో పడిన వెలుగు, ఫోన్లో చూసింది కాదు. పిల్లలకోడి (కృత్తికల గుంపు) మాత్రం చంద్రుడి పక్కనే ఉండి ఆ వెలుగులో వెలవెలబోయింది.

మధ్యలో అక్కడి లెక్చరర్ పఠాని సామంత గురించి చెప్పారు. 1835లో ఖండపడాలో పుట్టి, వెదురుతో చేసుకున్న పరికరాలతో, ఉత్త కళ్ళతో గ్రహాల లెక్కలు కట్టినాయన. ఆయన 'సిద్ధాంత దర్పణం' 1899లో అచ్చయింది. అప్పుడు మామయ్యగారు ఊరుకోలేక, విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత అబ్జర్వేటరీ కట్టారనీ, సూర్యుడి ముందు నుంచి శుక్రుడు దాటడాన్ని 1874లో ఆయన అల్లుడు నరసింగరావు అక్కడి నుంచే చూశారనీ అందుకున్నారు. లెక్చరర్‌కి ఇది కొత్త సంగతి, ఫోన్లో రాసుకున్నారు.

పది దాటాక జనం పలచబడ్డారు. నా సలహా అడిగితే, ఎనిమిదింటికి తోసుకోవడం మానేసి అప్పుడే రండి. మహేంద్రగిరి ఉన్న దిక్కున సప్తర్షులు పైకి వచ్చారు. పెళ్ళిలో పట్టపగలు పురోహితుడు వేలు చూపిస్తే తల ఊపిన అరుంధతి, మామయ్యగారికి ఆ రాత్రి నిజంగా కనిపించింది. టెలిస్కోప్‌లో ఇంకో వింత: అరుంధతి దూరంగా జరిగిపోయి, వశిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోయాడు.

"వశిష్ఠుడి పక్కన ఇంకొకడున్నాడేటి!" అని ఆయన మూడుసార్లు చూశారు. వెనక ఎవరూ లేరు కాబట్టి ఎవరూ తరమలేదు.

మళ్ళీ మేలో, అమావాస్య దగ్గర్లో పెడతారట. అప్పుడు దక్షిణాన కిందుగా ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు కనిపిస్తుంది. చంద్రుడు అడ్డురాడు, గాలివాన రాకపోతే చాలు. మామయ్యగారు దిగేముందే పేరు రాయించేశారు, అడక్కుండానే అత్తగారిది కూడా.