బ్యారన్ పక్కన ఇంగ్లీషు సాహిత్యం: నా నెట్ అనుభవం

మాది కొండపి దగ్గర ఒక ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఎం.ఏ. ఇంగ్లీషు అయ్యాక ఒంగోలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, కాలేజీ లెక్చరర్లకు అర్హత పరీక్ష అయిన నెట్‌కు చదివాను. 2023 జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి రాశాను. రెండుసార్లూ పోయింది.

ఎందుకు పోయిందో నాకు ఇప్పుడు బాగా తెలుసు. అప్పుడు నేను చదివింది సాహిత్యం కాదు, పట్టికలు. రచయిత, పుస్తకం, సంవత్సరం అని మూడు గళ్ళు గీసి గోడలకంతా అంటించుకున్నాను. సబ్జెక్టు పేపరైన పేపర్ టూలో 100 ప్రశ్నలు, 200 మార్కులు. సిలబస్‌లో 10 యూనిట్లు: నాటకం, కవిత్వం, నవల మొదలుకొని సాహిత్య సిద్ధాంతాలు, పరిశోధన పద్ధతుల దాకా. నాలుగు పుస్తకాలిచ్చి ఏది ముందు, ఏది వెనక అని అడుగుతారు. ఒక వాక్యం చెప్పి, దానికి ఇది కారణమా అని అడుగుతారు. అక్కడ పట్టిక అక్కరకు రాదు. పరీక్ష హాల్లో కళ్ళు మూసుకుంటే గీసిన గళ్ళు కనబడేవి, అందులో అక్షరాలు కనబడేవి కావు.

2024 జనవరిలో బ్యారన్, అంటే పొగాకు కాల్చే కొట్టం, పని మొదలైంది. పొగాకు పండించే ఇళ్ళవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను: పచ్చి ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌లో వేలాడగట్టాక ఐదారు రోజులు పగలూ రాత్రీ మంట చూసుకోవాలి. వేడి కాస్త హెచ్చినా తగ్గినా ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో ధర పోతుంది. ఆ ఏడాది రాత్రి కాపలాకు మనిషి కుదరక నాన్నకు తోడుగా నేను కూర్చున్నాను. లైటు కింద మంచం వేసుకుని చదువుకునేదాన్ని.

రెండో రాత్రో మూడో రాత్రో నాన్న అడిగాడు. "ఏందమ్మాయ్, రోజూ అంత రాస్తన్నావు. అందులో ఏముందో నాకూ చెప్పు."

ఆ రోజు చేతిలో ఉన్నది ఇంగ్లీషు రచయిత హార్డీ రాసిన టెస్ అనే అమ్మాయి కథ, 1891లో వచ్చిన నవల. బీద కుటుంబం, తాగుబోతు తండ్రి. తెల్లారేలోపు సరుకు సంతకు చేరాలని పెద్దపిల్ల తమ్ముణ్ణి వెంటేసుకుని రాత్రే బండి కట్టింది. దారిలో కునుకు పట్టింది. ఎదురొచ్చిన బండి తగిలి గుర్రం చచ్చిపోయింది. నేను ఇంతవరకు చెప్పానో లేదో, నాన్న కట్టె పొయ్యిలోకి తోస్తూ, "గుర్రం పోయిందా? ఇంక ఆ ఇల్లు లేచినట్టు కాదులే" అన్నాడు. నవల మొత్తం ఆ గుర్రం చావు మీదే నడుస్తుందని గైడులో రెండు పేజీలు రాశారు, నేను రెండేళ్ళు చదివాను. నాన్న ఒక్క మాటలో అనేశాడు. ఆ నవలలోని ఏడు భాగాల పేర్లూ అంతకుముందు ఎన్నిసార్లు బట్టీపట్టినా వరస తప్పేవి. ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు.

అప్పటినుంచి అదే పద్ధతి. పగలు చదివింది రాత్రి నాన్నకు తెలుగులో చెప్పాలి. ఎక్కడ తడబడితే అక్కడ నాకు అర్థం కాలేదని లెక్క. 1642లో లండన్‌లో నాటకశాలలు మూసేశారని చెబితే "ఎందుకు మూశారు?" అన్నాడు. నాకు తేదీ వచ్చు, కారణం నోటికి రాలేదు. మర్నాడు కూర్చుని అంతర్యుద్ధం, ప్యూరిటన్లనే మతనిష్ఠ పట్టినవాళ్ళు, 1660లో రాజు తిరిగి రావడం, నాటకశాలలు మళ్ళీ తెరవడం, ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టడం అంతా ఒక కథగా చదివి రాత్రికి చెప్పాను. "మన పద్యనాటకాల్లో ద్రౌపది వేషం మగాళ్ళు కట్టలా?" అన్నాడు. రాజు తిరిగొచ్చాక వచ్చిన ఆ రెస్టరేషన్ నాటకం అంటే నాకు ఇప్పటికీ ఆ మాటే గుర్తొస్తుంది.

సిద్ధాంతాలకు అందరూ భయపడతారు, నేనూ భయపడ్డాను. మాటకు, దాని అర్థానికి సహజమైన బంధం ఏమీ లేదు, పక్క మాటలతో ఉన్న తేడా వల్లే మాటకు విలువ వస్తుందంటాడు భాషాశాస్త్రవేత్త సస్యూర్. ఇది ఇంగ్లీషులో పదిసార్లు చదివినా తలకెక్కలేదు. ఒక రాత్రి తట్టింది. మా ఊళ్ళో ఆకు అంటే పొగాకే. కిళ్ళీకొట్టు దగ్గర ఆకు అంటే తమలపాకు. బంతి భోజనాల్లో ఆకు అంటే విస్తరి. మాట ఒకటే, చుట్టూ ఉన్నవి మారితే అర్థం మారింది. అక్కడ కాలు నిలిచాక ఫ్రెంచి సిద్ధాంతకర్తలూ లొంగారు: డెరిడా 1966 ప్రసంగం, 1967లో బార్త్ ప్రకటించిన రచయిత మరణం, 1969లో ఫూకో వేసిన రచయిత ఎవరన్న ప్రశ్న ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి.

పేపర్ వన్‌కు 50 ప్రశ్నలు, 100 మార్కులు. సాహిత్యం వాళ్ళం దాన్ని చిన్నచూపు చూసి మునుగుతాం. అంకెల పట్టికలిచ్చి అడిగే లెక్కలకు శాతాలు రోజూ అరగంట చేస్తే చాలు. భారతీయ తర్కం వదలొద్దు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది అనే అనుమాన ప్రమాణం నాకు పుస్తకంలో చదవాల్సిన పనే పడలేదు. పక్కచేలో బ్యారన్ గొట్టం చూసి, వాళ్ళ మంట ఎట్లా ఉందో నాన్న ఇక్కడినుంచే చెప్పేవాడు. ఇంకొక మాట, తప్పు జవాబుకు మార్కు కోయరు. మూడు గంటల్లో 150కి 150 గుర్తుపెట్టి రావాల్సిందే.

2024 జూన్ 18న మళ్ళీ రాశాను. మర్నాడు రాత్రి పరీక్ష రద్దయిందని వార్త. అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. నాన్న ఏమీ అనలేదు, తెల్లారి నా పుస్తకాల సంచి తెచ్చి మంచం మీద పెట్టాడు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్ళీ పెట్టిన పరీక్ష కంప్యూటర్ మీద రాశాను. అక్టోబరులో ఫలితం వచ్చింది. పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ రాలేదు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది.

సర్టిఫికెట్ ప్రింటు తీసి ఇస్తే నాన్న పొగాకు బోర్డు పాస్‌బుక్ పెట్టే ఇనప్పెట్టెలో పెట్టాడు. తాళం వేస్తూ, "అవునూ, ఆ గుర్రం పోయిన పిల్ల చివరికి ఏమైంది? ఆకు అయిపోయిందని సగంలో ఆపేశావు" అన్నాడు.

టెస్‌ను ఉరితీశారని నేను ఆయనకు ఇంకా చెప్పలేదు.