ఆ పిల్లకి అక్కడ పనేముంది?

"అమ్మా, ఇవాళ ఏం కొనుక్కుంటాం?" అని అడిగింది ఆ పిల్ల. పొద్దున్నే, కళ్ళింకా సగమే తెరుచుకుని, జుట్టంతా చెదిరిపోయి, దుప్పటి కాళ్ళకి చుట్టుకునే ఉంది. ఎక్కడికి వెళ్తున్నాం అని కాదు, ఎవరొస్తున్నారు అని కాదు, ఏం కొనుక్కుంటాం అని. వాళ్ళమ్మ కెమెరా వెనకనుంచి పకపకా నవ్వింది, అది చాలదన్నట్టు దాని మీద ఇంకో నవ్వుల సౌండు అతికించింది, కింద కామెంట్లలో అందరూ సో క్యూట్ అన్నారు. నాకు మాత్రం ఎక్కడో చివుక్కుమంది. మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ చూశాను ఆ యూట్యూబ్ వీడియో. బట్టలు బీరువాలోకి వెళ్ళిపోయాయి, పిల్లలు పడుకున్నారు, ఈయన గురక మొదలుపెట్టారు, ఆ మాట మాత్రం వదలట్లేదు.

ఆవిడెవరో చెప్పను. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియకపోతే మరీ మంచిది. "హాయ్ అండీ అందరికీ, స్కిప్ చేయకుండా లాస్ట్ వరకు చూడండి" టైపు. చెడ్డ మనిషి కాదు. పిల్లల మీద చెయ్యి చేసుకోదు, గట్టిగా అరవదు (మా ఇంట్లో అరుపుల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు), ఇద్దరికీ తలలు దువ్వి ముద్దుగా తయారుచేస్తుంది. కానీ ఆ పిల్లలకి బయటికి వెళ్ళడం అంటే కొనడానికి వెళ్ళడమే. సెలవొస్తే మాల్, పరీక్షలైపోతే మాల్, జ్వరం తగ్గితే పాపం పిల్ల డల్‌గా ఉందని మాల్. "పిల్లలు బోర్ కొడుతోందంటున్నారండీ, అందుకే అలా బయల్దేరాం." ఇంటికొచ్చాక సోఫా మీద కవర్లన్నీ పరిచి ఒక్కొక్కటీ తీసి చూపించడం, మళ్ళీ దానికి వేరే వీడియో, లింకులు డిస్క్రిప్షన్‌లో.

ఇవాళ్టి వీడియోలో ఒక ముక్క ఉంది. మాల్ ముందర అద్దాల తలుపు మనిషి దగ్గరికి రాగానే దానంతటదే తెరుచుకుంటుంది కదా, ఆ పిల్ల అక్కడ ఆగిపోయింది. ఒకడుగు వెనక్కి వేసింది, తలుపు మూసుకుంది. ఒకడుగు ముందుకి, తెరుచుకుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఈసారి కదలకుండా నిలబడి చెయ్యి ఒక్కటే ముందుకి చాపింది. తలుపు కదల్లేదు. అప్పుడు మెల్లిగా తల పైకెత్తి, తలుపు నెత్తిన ఉన్న ఆ చిన్న నల్ల డబ్బా వంక చూసింది. ఎవరూ చెప్పకుండానే! నాలుగేళ్ళుంటాయేమో దానికి. నేను మడతపెడుతున్న తువ్వాలు అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఇంతలో వాళ్ళమ్మ "రా నాన్నా రా, లోపల నీకోసం సర్‌ప్రైజ్ ఉంది" అని రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. ఆ సర్‌ప్రైజ్ ఏమిటయ్యా అంటే గులాబీ రంగు బ్యాగు. ఇంట్లో అలాంటివి ఇప్పటికే మూడున్నాయి, పాత వీడియోల్లో చూశాం.

ఈ మాట సాయంత్రం ఈయనతో అంటే, "ఇష్టం లేకపోతే చూడటం మానెయ్, నీకెందుకా గొడవ" అన్నారు. ఈయన దగ్గర ప్రతిదానికీ ఇదే మందు. మా తోడికోడలైతే ఫోన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, "వాళ్ళ పిల్లలు, వాళ్ళ డబ్బు, వాళ్ళిష్టం, నువ్వెందుకు టెన్షన్ పడతావ్" అంది. వాళ్ళిష్టమే అక్కా, కాదన్లేదు. కానీ ఆ వీడియో వాళ్ళ పిల్లలు ఒక్కరే చూడట్లేదుగా. మా పిల్ల చిట్టి చూస్తుంది, మీ వాడు చూస్తాడు. 8 ఏళ్ళ లోపు పిల్లలకి ప్రకటన అనేది మనచేత కొనిపించడానికి చెప్పే మాట అని అర్థం చేసుకునే శక్తి ఉండదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వేసిన నిపుణుల బృందం 2004లోనే చెప్పింది. కెనడాలోని క్యూబెక్‌లో 1980 నుంచీ 13 ఏళ్ళ లోపు పిల్లలని ఉద్దేశించి వ్యాపార ప్రకటనలు చేయడమే నిషేధం. స్వీడన్ కూడా 1991లో టీవీలో 12 ఏళ్ళ లోపు వాళ్ళ కోసం ప్రకటనలు వేయకూడదని ఆపేసింది. అవన్నీ ప్రకటన అంటే ప్రకటనలాగే కనిపించిన రోజుల్లో పెట్టిన కట్టుబాట్లు. మధ్యలో టీవీలో బొమ్మ ఆగేది, వేరే పాటొచ్చేది, అది అయిపోగానే మళ్ళీ బొమ్మ. ఇక్కడ ప్రకటన చెప్పేది అమ్మ. జోలపాట పాడే గొంతుతోనే లింక్ కింద ఇచ్చాను అంటుంది. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ముప్ఫై దాటిన నాకే తెలియట్లేదు, ఇక చిట్టికేం తెలుస్తుంది?

2019లో యూట్యూబ్ వాళ్ళు పిల్లల సమాచారం తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారన్న కేసులో అమెరికాలో 17 కోట్ల డాలర్లు కట్టారు. ఆ తర్వాత 2020 జనవరి నుంచి పిల్లల కోసం తీసిన వీడియో అయితే అలా అని గుర్తు పెట్టాలన్నారు, వాటికి కామెంట్లుండవు, మనం చూసేదాన్ని బట్టి మనకోసం ఏరి వేసే ప్రకటనలుండవు. బాగానే ఉంది. కానీ ఇలాంటి వ్లాగు తీసేది అమ్మల కోసం అంటారు. అందుకని దానికి ఆ గుర్తు ఉండదు. పక్కన కూర్చుని నోరు తెరుచుకుని చూసేది మాత్రం మా చిట్టి.

డబ్బు సంగతి కూడా ఎత్తాను మా తోడికోడలి దగ్గర. మన దేశంలో సినిమాల్లో, టీవీల్లో పిల్లలు నటిస్తే రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, వచ్చిన దాంట్లో కనీసం 20 శాతం ఆ పిల్లల పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఫ్రాన్స్‌లో అయితే 2020లో ఆన్‌లైన్ వీడియోల్లో కనిపించే పిల్లల కోసమే చట్టం తెచ్చారు. సంపాదన పెద్దయ్యేదాకా విడిగా దాచాలి, నా వీడియోలు తీసేయండి అని అడిగే హక్కు కూడా పిల్లలకే ఇచ్చారు. ఇంట్లో దుప్పట్లోంచి లేచిన దగ్గరనుంచే షూటింగ్ అయితే 5 గంటలు ఎక్కడనుంచి లెక్కపెడతారు అని అడిగాను. "నువ్వు లాయరువి కావాల్సిందే" అని ఫోన్ పెట్టేసింది. కుక్కర్ కూత వినపడింది కాబట్టి నిజంగానే పనుండి పెట్టేసి ఉండొచ్చు.

సరే, అసలు నేను రాద్దామనుకున్నది ఇది కాదు.

షాపింగ్ మానేసి పిల్లల్ని ఏం చేయించాలి అని ఒక జాబితా రాద్దామని కూర్చున్నాను. పార్కు, లైబ్రరీ, మొక్కలు, మట్టి, రంగులు, ఇలా. రాస్తుంటే బాబాయి సైకిల్ గుర్తొచ్చింది, జాబితా ఆగిపోయింది.

బాబాయి గురించి ఇక్కడ ఇంతకుముందు రాశాను కదా, ఆ కోపిష్టి బాబాయే. ఏడాదికి ఒకసారి సైకిల్ మొత్తం విప్పేవాడు. షాపులో ఇస్తే సరిగ్గా చెయ్యరని ఆయన నమ్మకం. వరండాలో పాత పేపర్లు పరిచి, సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, పానాలన్నీ సైజు ప్రకారం వరసగా పెట్టుకుని మొదలుపెట్టేవాడు. చక్రం ఊడదీసి ఇరుసు లాగితే లోపల నల్లటి గ్రీజులో బేరింగు బాల్స్ ఉంటాయి. వాటిని ఒక డబ్బా మూతలో పోసి, కిరసనాయిలు పోసి, ఆ మూత నా ముందు పెట్టేవాడు. నా పని ఏమిటంటే బ్రష్షుతో వాటిని కడగడం, గుడ్డతో తుడవడం, లెక్కపెట్టడం. వెనక చక్రానికి పక్కకి తొమ్మిది చొప్పున పద్దెనిమిది. ముందు చక్రం బాల్స్ కొంచెం చిన్నవి, రెండూ కలిపేశానంటే వీపు విమానం మోతే. ఒకసారి లెక్కపెడితే పదిహేడే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను, పదిహేడే. బాబాయి వంక చూడటానికి భయమేసి, చప్పుడు చేయకుండా పేపర్లన్నీ ఎత్తి చూశాను, వరండా అంచుల వెంట పాకాను, తూములో వేలు పెట్టి చూశాను, నా గౌను మడతలు కూడా దులిపాను. చివరికి చక్రం మధ్యలో బాల్స్ కూర్చునే కప్పులో అడుగున గట్టిపడ్డ గ్రీజులో అతుక్కుపోయి ఉంది, గోరుతో గీకితే వచ్చింది. ఆ బాల్ పద్దెనిమిదోదిగా మూతలో వేసినప్పుడు టింగుమన్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది, మా పెళ్ళిలో బాజాలు ఎలా మోగాయో మాత్రం గుర్తులేదు. బాబాయికి ఈ కథంతా తెలియదు. "అయ్యాయా?" అన్నాడు, "అయ్యాయి" అన్నాను, అంతే. కొత్త గ్రీజు మెత్తి బాల్స్ ఒక్కొక్కటీ పొదిగి, చక్రం బిగించి, ఒక్క తోపు తోసేవాడు. అది ఎంతసేపు తిరుగుతుందో ఇద్దరం కూర్చుని చూసేవాళ్ళం.

ఇదంతా రాసి, చూశారా మా రోజుల్లో అని ముగించేద్దామనుకున్నాను. కానీ అలా అంటే అబద్ధమే అవుతుంది. బాబాయి నన్ను ఆడించడానికి అది చేయలేదు. ఆయనకి ఆ రోజు బాల్స్ కడిగే మనిషి కావాలి, నేను దొరికాను. మిగతా రోజుల్లో వెళ్ళు అవతలికి అనేవాడు. మా చిన్నప్పుడు మమ్మల్ని ఎవరూ పట్టించుకోకపోవడమే ఎక్కువ. బోర్ కొట్టి గోడకి కాళ్ళు ఆనించి పడుకున్న మధ్యాహ్నాలకి లెక్కేలేదు. వాటిని తీసుకొచ్చి ఇప్పుడు బంగారు కాలం అనను.

ఇంకో సంగతి, షాపింగ్‌ని కూడా ఊరికే ఆడిపోసుకుంటున్నానేమో. అమ్మతో సామాన్లకి వెళ్ళడం నాకు మహా ఇష్టంగా ఉండేది. చీటీ నా చేతిలో ఉండేది, ఒక్కో వస్తువూ నేను చదివితే షాపాయన కట్టేవాడు, చిల్లర నేనే లెక్కపెట్టుకునేదాన్ని, సంచీ ఒక చెవి నేను పట్టుకునేదాన్ని. అదీ కొనడమే. మరి దానికీ దీనికీ తేడా ఏమిటా అని ఇంతసేపూ ఆలోచిస్తే తట్టింది, ఆ మాల్‌లో ఆ పిల్లకి పనే లేదు. ట్రాలీలో కూర్చోవాలి, కావాలి అనాలి, దొరకగానే సంబరపడాలి, ఆ సంబరం కెమెరాకి కనపడాలి. అడగడం ఒక్కటే దాని ఉద్యోగం. అలాంటప్పుడు పొద్దున్న లేవగానే ఏం కొనుక్కుంటాం అని కాక ఇంకేమని అడుగుతుంది? దాని డ్యూటీ ఏమిటో అది కనుక్కుంటోంది.

ఆవిడ వైపునుంచి కూడా చూడాలి. రోజుకో వీడియో పెట్టాలి. కొనడం అంటే దానికి మొదలుంటుంది, చివరుంటుంది, మధ్యలో ఇదా అదా అనే ఊగిసలాట ఉంటుంది, ఆఖర్లో కవర్ విప్పితే ఏదో ఒకటి బయటపడుతుంది. కథ రెడీ. బాల్స్ కడిగే పిల్లని మూడు గంటలు ఎవరు చూస్తారు? నేనే చూడను, ముందుకి జరిపేస్తాను. పైగా ఆవిడకి ఇంట్లో సాయం ఎవరూ ఉన్నట్టు లేదు, ఎడిటింగ్ అంతా అర్ధరాత్రి చేసుకుంటానని ఒకసారి చెప్పింది. పాపం అనిపించింది. ఆ తలుపు ముక్క కూడా తీసిపారేయొచ్చు కదా, తీయలేదు. ఆవిడకీ నచ్చిందేమో. కానీ నచ్చితే దాన్ని అంత స్పీడుగా పరిగెత్తించి, మీద ఆ వెకిలి నవ్వులెందుకు వేసినట్టు? పాపం అనుకున్నది మళ్ళీ కోపంలోకే వచ్చింది.

ఇంటికి తెచ్చిన బొమ్మల సంగతైతే చెప్పక్కర్లేదు. కవర్ చింపినంతసేపే ఆట. టొలెడో యూనివర్సిటీ వాళ్ళు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 36 మంది పసిపిల్లలకి ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారట. మా అత్తయ్యగారికి చదివి వినిపిస్తే "దీనికి యూనివర్సిటీ దాకా పోవాలా" అన్నారు.

ఇంతకీ ఇవాళ మా ఇంట్లో జరిగిన మంచి సంగతి ఒకటి ఉంది. అత్తయ్యగారి కుట్టుమిషను టేపు చిట్టికి దొరికింది. ఫ్రిజ్, మంచం, తాతగారి కర్ర, మా నాని ముక్కు, అన్నీ కొలిచి నోట్‌బుక్‌లో రాసింది. టేపు చాలని చోట జానలతో కొలవడం తాతగారు నేర్పారు. "తలుపు పదకొండు జానలు" అని రాసింది. తాతగారు కొలిస్తే తొమ్మిదే వచ్చాయి. ఎవరిది కరెక్టో తేలక ఇద్దరూ భోజనాల దాకా వాదించుకున్నారు.

ఆదివారం వాళ్ళ పిల్లలతో కలిసి మాల్‌కి వెళ్దామని మా తోడికోడలు మెసేజ్ పెట్టింది, లాయరుగారూ వస్తారా అని. వస్తామన్నాను. చీటీ రాసి చిట్టి చేతికే ఇస్తాను, అందులో ఉన్నవి అదే వెతికి తేవాలి. నానిని అయితే ఆ తలుపు దగ్గర ఎంతసేపు ఆడుకుంటే అంతసేపు ఆడుకోనిమ్మని ఈయనకి అప్పజెప్పాను. సెక్యూరిటీ వాడు తిడితే నేను పడనంటున్నారు.