బోర్డు మీద మూడే కనిపిస్తాయి

"మూడే ఉన్నయి కద టీచర్!" బోర్డు మీద నేను గీసిన సమఘనాన్ని చూపిస్తూ మూడో తరగతి పాప అంది. ఆరు ముఖాలని నేను చెప్తూనే ఉన్నా, ఆ బొమ్మలో కనిపించేవి నిజంగా మూడే.

చాక్‌పీసుల డబ్బా చేతికిచ్చాను. అది దీర్ఘఘనమే కానీ ముఖాలు ఆరే కదా. ఒక్కో వైపు అంకె వేసుకుంటూ ఐదు దగ్గర ఆగి, డబ్బాను తలపైకి ఎత్తి అడుగు చూసి "ఆరు!" అని అరిచింది, ఆ కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఇన్నేళ్లు బోర్డు మీద బొమ్మలు గీసే చెప్పాను, ఎంతమంది మూడు చూసి ఆరని అప్పజెప్పారో అని బాధేసింది.

రేపు గోళం. మా నల్లగొండ బత్తాయిలు ఇప్పుడే సంచిలో పెట్టుకున్నా, చేతికో కాయ.