బుధవారం, 15 గజాలు

రేపు సాయంత్రం మా స్కూలు జేవీ (రెండో జట్టు) పిల్లలకు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. అందులో బంతి తన్నే సందర్భాల్లో దిగే స్పెషల్ టీమ్స్‌ని చూసేది నేనే. సెప్టెంబరు చివరికొచ్చినా ఇక్కడ డాలస్ దగ్గర ఎండ తగ్గలేదు. దిద్దాల్సిన ఆల్జీబ్రా పేపర్లు బ్యాగులో పడేసుకుని నాలుగింటికి గ్రౌండుకు వెళ్ళేసరికి మా లాంగ్ స్నాపర్, అంటే తన్నేవాడికి బంతిని వెనక్కి విసిరేవాడు, అప్పటికే వచ్చేశాడు. ఒక్కడే, కంచెకేసి బంతులు విసురుతున్నాడు.

పోయిన గురువారం వాడి స్నాప్ (ఆ వెనక్కి విసిరే విసురు), దాన్ని అందుకుని బంతిని దూరంగా తన్నాల్సిన పంటర్ తల మీదుగా పోయింది. అవతలి జట్టు ఆ బంతిని మా వైపు ఎండ్ జోన్‌లో (మైదానం చివరి పట్టీలో) పట్టుకుని టచ్‌డౌన్‌తో పాయింట్లు కొట్టింది. అప్పటినుంచి వాడు సరిగ్గా మాట్లాడటం లేదు. అంతకుముందు మూడు మ్యాచ్‌లలో ఒక్క స్నాప్ కూడా తప్పలేదు, ఎవరూ గమనించలేదు. వాడి నంబరు జనానికి తెలిసింది ఆ ఒక్క తప్పుతోనే. నాకు అదే బాధ.

ఒంగుని, కాళ్ళ సందులోంచి, 15 గజాల వెనకున్న పంటర్ కుడి తుంటి దగ్గరికి బంతి పంపాలి. బాగా చేసేవాళ్ళకు ముప్పావు సెకను పని. బలం వాడికి ఉంది. లోపం ఎక్కడో వీడియో పదిసార్లు చూస్తేగానీ నాకు దొరకలేదు. ఎదురుగా దూకబోయేవాడు ఎక్కడున్నాడో చూడాలన్న టెన్షన్‌లో, బంతి వదలకముందే తల ఎత్తేస్తున్నాడు. తల లేస్తే నడుము దిగిపోతుంది, బంతి గాల్లోకి లేస్తుంది.

"మన టెక్సస్ స్కూళ్ళలో ఆడేది కాలేజీ రూల్స్ ప్రకారం. పంట్‌కి స్నాప్ చేశాక ఒక సెకను వరకు నిన్ను ఎవరూ ముట్టుకోకూడదు. ఆ సెకను పూర్తిగా నీది" అన్నాను. తెలిసిన రూలే, అయినా మొదటిసారి విన్నట్టు చూశాడు. కుడిచేయి బంతి లేసుల మీద, పాస్ విసిరినట్టే. ఎడమచేయి ఊరికే ఆసరాకు. వదిలాక అరచేతులు బయటికి తిరగాలి. ముందు 5 గజాలు, తర్వాత 10, ఆ తర్వాత 15. నలభై స్నాప్‌లలో ముప్పైనాలుగు తుంటి దగ్గరికే వచ్చాయి.

2015 అక్టోబరు నాటి మిషిగన్ యూనివర్సిటీ మ్యాచ్ వాడికి చూపిద్దామని రాత్రి అనుకున్నాను. మిషిగన్ వాళ్ళు 23-21తో ముందున్నారు, పది సెకన్లే మిగిలాయి. పంటర్ చేతిలో స్నాప్ నిలవలేదు, మిషిగన్ స్టేట్ వాళ్ళు బంతి అందుకుని పరిగెత్తి 27-23తో గెలిచేశారు. పెద్దవాళ్ళకూ ఇలా జరుగుతుందని చెబుదామనుకున్నా. పొద్దున లేచాక మనసు ఒప్పలేదు. పదిహేనేళ్ళ పిల్లాడికి ఇంకొకరి తప్పు చూపించి ధైర్యం చెప్పలేను.

స్నాప్‌ల తర్వాత పిల్లలందరికీ కిక్కాఫ్ వీడియో చూపించాను. మనం బంతి తన్ని, అవతల దాన్ని పట్టినవాడిని ఆపడానికి పరిగెత్తే ఆట అది. మైదానం వెడల్పు 53 గజాల పైచిల్లర, తన్నినవాడు కాక పరిగెత్తేది పదిమంది, అంటే తలా ఐదు గజాల దారి. చిన్నప్పుడు తెనాలిలో ఆడిన కబడ్డీ గొలుసు గుర్తొస్తుంది నాకు. ఒక్క చేయి జారితే రెయిడర్ ఆ సందులోంచే పోతాడు. టాకిల్ చేసి పడేసినవాడి దగ్గర నేను వీడియో ఆపలేదు. ఎడమ అంచున తన దారి వదలకుండా నిలబడ్డ పిల్లాడి దగ్గర ఆపాను. వాడు ఎవరినీ ముట్టుకోలేదు. వాడు అక్కడ ఉండబట్టే బంతి పట్టినవాడు లోపలికి తిరిగి మనవాళ్ళ చేతుల్లో పడ్డాడు. గదిలో చప్పట్లు మోగాయి. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆఫెన్స్‌లో, డిఫెన్స్‌లో వాడికి చోటు లేదు. ఆగస్టులో ఈ స్పెషల్ టీమ్స్ యూనిట్‌లో వేస్తే శిక్ష అనుకుని ముఖం మాడ్చుకున్నవాడే.

హెడ్ కోచ్ గారు మాకిచ్చే ఇరవై నిమిషాలను ఈరోజు ముప్పై చేశారు. వర్జీనియా టెక్ యూనివర్సిటీలో ఫ్రాంక్ బీమర్ హెడ్ కోచ్ అయి ఉండీ స్పెషల్ టీమ్స్ స్వయంగా చూసుకునేవారని, మొదటి వరుస ఆటగాళ్ళనే అందులో దింపేవారని ఆయనకు నేను చాలాసార్లు చెప్పాను. విసుక్కోకుండా విన్నందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

చీకటి పడ్డాక సామాను సర్దుతుంటే స్నాపర్ వచ్చి నిలబడ్డాడు.

"కోచ్, రేపు మొదటి పంట్‌కి ఎవరు?"

"నువ్వే."

తలూపి, బంతి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి రేపటి షీటులో ముందు వాడి పేరే రాశాను.